గోరు దిగే చెక్క, మేకు వంచే చెక్క

సామిల్లులో రంపం ఇప్పుడే ఆగింది. చెవుల్లో హోరు ఇంకా తగ్గలేదు. ముక్కు నిండా పచ్చి టేకు వాసన. మేస్త్రీ నాలుగు ముక్కలు తెచ్చి మీ ముందు పడేశాడు. తెల్ల పొణికి, మామిడి, టేకు, నల్లతుమ్మ.

"గోరు నొక్కి చూడండి సార్."

పొణికిలోకి గోరు ఇట్టే దిగింది. కొండపల్లి బొమ్మలు చెక్కేది దీంతోనే. మామిడి మీద, టేకు మీద గీత కనీకనబడకుండా పడింది. తుమ్మ దగ్గర మాత్రం గోరే నొప్పెట్టింది. మేస్త్రీ దాని మీద మేకు నిలబెట్టి నాలుగు దెబ్బలు వేశాడు. సగం దిగకముందే అది నడుం వంచేసింది. "దీనికి ముందు బెజ్జం వెయ్యాలి, లేకపోతే పగిలి ఊరుకుంటుంది." బండి చక్రాలకు, నాగళ్లకు రైతులు తుమ్మనే ఎందుకు వెతికేవారో ఆ వంగిన మేకును చూస్తే చాలు.

ఈ గోటి పరీక్షనే ఆస్ట్రియా దేశస్థుడు గాబ్రియేల్ యాంకా 1906లో లెక్కలోకి దించాడు. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండు చెక్కలోకి సగం దాకా దిగాలంటే ఎంత బలం కావాలో అదే ఆ చెక్క గట్టిదనం. బాల్సాకు వంద పౌండ్లలోపే చాలు. లిగ్నమ్ వైటే అనే అమెరికా ఖండపు చెట్టుకు నాలుగు వేలు దాటాలి. టేకు, మామిడి ఇంచుమించు ఒకే వరుసలో, వెయ్యి పౌండ్లకు అటూఇటూగా నిలుస్తాయి.

మరి ధరలో అంత తేడా ఎందుకు? చేవ తేలిన టేకు ముక్కను వేలితో రాయండి, జిడ్డు తగులుతుంది. ఆ నూనె ఉన్నచోట చెదలు నిలవదు. ఎండకూ వానకూ టేకు పెద్దగా వంకర పోదు. మామిడికి ఆ రక్షణ లేదు, పురుగు తొందరగా పడుతుంది. దెహ్రాదూన్ అటవీ పరిశోధన సంస్థ టేకును 100గా పెట్టుకుని మిగతా కలపల గుణాలన్నీ దాంతో పోల్చింది. టేకు అన్నిటికన్నా గట్టిదని కాదు, ఏ గుణంలోనూ మరీ వెనకబడదని.

"సార్, ఈ అంచు చూడండి," అని మేస్త్రీ టేకు దూలం పక్కన పాలిపోయిన పట్టీని ఉలితో గీకాడు. చేవ పట్టని ఆ తెల్లచెక్కను చెదలు వదలదు, పేరుకు అదీ టేకే అయినా. గుమ్మానికి కలప కొనేవాళ్లు గట్టిదనం సంగతి తర్వాత అడగండి, ముందు ఆ తెల్ల పట్టీ ఎంత వెడల్పుందో చూసుకోండి.