మంత్రిగారి కుక్క
ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో 1924లో ఊరు మొత్తానికీ కుక్కల్ని నిషేధించారు. కోపంతో కాదండోయ్, భయంతో! గొర్రెల్ని కోసి పచ్చిపేగులు కుక్కలకి వేసేవారు. వాటివల్ల కుక్కల కడుపులో చేరిన బద్దెపురుగు గుడ్లు మనుషులకంటుకుని, కాలేయంలో నీటితిత్తులు కట్టేవి. ఎన్నో ప్రాణాలు పోయాయి. చంటిపిల్లల తల్లి భయపడిందంటే నేను తప్పుపట్టలేను. కానీ జబ్బు తగ్గాక కూడా ఎత్తెయ్యలేదు, నిషేధం మొత్తం అరవై ఏళ్లు సాగింది. జనం మాత్రం చాటుగా పెంచుకుంటూనే ఉన్నారు. 1984లో సాక్షాత్తూ ఆర్థికమంత్రి ఆల్బర్ట్ గుడ్ముండ్సన్, తన లూసీని వదులుకోవడం కన్నా దేశం వదిలిపోవడమే మేలన్నాడు! ఆ ఏడే లైసెన్సుతో పెంచుకోనిచ్చారు. ఫ్లాట్లవాళ్లకి తర్వాత ఇంకో మెలిక పడింది: ఒకే మెట్లు వాడుకునేవాళ్లలో మూడింట రెండొంతులమంది ఒప్పుకోవాల్సి వచ్చేదిట. మా మెట్లమీద నాకెన్ని ఓట్లొస్తాయో లెక్కేసుకుంటున్నాను. కింది వాటా పిన్నిగారి దగ్గరే ఆగిపోతున్నాను.