ఆపరేటింగ్ సిస్టమ్ భాగాల హైజాకింగ్

కంప్యూటర్ నమ్మి నడిపే సొంత భాగాలను దాడిచేసేవారు గుప్పిట్లోకి తెచ్చుకోవడమే హైజాకింగ్. దీనికి లక్ష్యాలు రెండు: రీస్టార్ట్ చేసినా పోకుండా తిష్ఠ వేయడం, మామూలు యూజర్‌కు లేని అధికారాలు దక్కించుకోవడం. విండోస్‌లో ఎక్కువగా సర్వీసులు, డ్రైవర్లు, డీఎల్‌ఎల్ ఫైళ్లు (ప్రోగ్రాములు పంచుకునే కోడ్) దీని బారిన పడతాయి. వీటిలో చాలా సర్వీసులు అడ్మిన్‌కన్నా పైనుండే ‘సిస్టమ్’ ఖాతా కింద నడుస్తాయి. ఒక్కటి చిక్కితే ఇల్లంతా చిక్కినట్టే.

తెలుగునాట బాగా తెలిసిన ఉదాహరణ వన్నాక్రై అనే కంప్యూటర్ పురుగు (వర్మ్). 2017 మే 12న 150కి పైగా దేశాలను కుదిపిన ఈ పురుగు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలోనూ దూరింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 102 కంప్యూటర్లు దెబ్బతిన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. ఫైళ్లకు తాళం పడి, తెరమీద ఎర్రటి పెట్టె తేలేది: 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టాలి, మూడు రోజులు దాటితే రెట్టింపు.

ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు. ఫైల్ షేరింగ్‌లోని లోపం గుండా ‘ఎటర్నల్‌బ్లూ’ అనే దాడి కోడ్ నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోకి చొరబడేది. ‘డబుల్‌పల్సర్’ అనే దొడ్డిదారి ప్రోగ్రామ్ అక్కడినుంచి పాస్‌వర్డ్‌లు సరిచూసే ఎల్‌సాస్ ప్రక్రియలోకి తన కోడ్‌ను ఎక్కించేది. అంటే ఇంటి కాపలాదారు చేతే దొంగ పని చేయించుకున్నట్టు. తర్వాత పురుగు తనను తాను సర్వీసుగా నమోదు చేసుకునేది. సర్వీసుల జాబితా తెరిస్తే కనిపించే పేరు ‘మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ సెంటర్ (2.0) సర్వీస్’. ఆ 2.0 చూసైనా అనుమానించాల్సింది. అసలు ఆ జాబితా తెరిచేదెవరు?

నింద పాత విండోస్ ఎక్స్‌పీ మీద పడింది గానీ, ఎక్కువగా పడిపోయినవి విండోస్ 7 యంత్రాలే. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ మార్చి 14నే వచ్చింది, వేసుకోలేదంతే. ధర్మవరం పట్టుచీరల కొట్లో బిల్లింగ్ కంప్యూటరైనా, హిందూపురం ఇంటర్నెట్ సెంటరైనా, పెనుకొండలో ఏ ఆఫీసైనా, పురుగు దూరడానికి నెట్‌వర్క్‌లో ప్యాచ్ లేని ఒక్క యంత్రం చాలు.

ఇంతకన్నా మోటు పద్ధతీ ఉంది. లాగిన్ తెరమీద షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే వచ్చే స్టిక్కీ కీస్ ప్రోగ్రామ్ స్థానంలో కమాండ్ ప్రాంప్ట్ పెట్టేస్తారు. పాస్‌వర్డ్ అడగకుండానే ‘సిస్టమ్’ అధికారంతో నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అయితే ముందుగా ఒకసారి ఆ కంప్యూటర్ డిస్క్‌లోని ఫైళ్లు మార్చే అవకాశం దొరకాలి.

ఇక వన్నాక్రై సంగతికొస్తే, దాని వ్యాప్తిని మార్కస్ హచిన్స్ అనే బ్రిటిష్ యువకుడు ఒక డొమైన్ రిజిస్టర్ చేసి ఆపాడు. మైక్రోసాఫ్ట్ 2014లోనే వదిలేసిన ఎక్స్‌పీకి కూడా అప్పుడు ప్యాచ్ ఇచ్చింది.