గ్రంథిసార చికిత్స: ఒక చారిత్రక పరిశీలన

జంతువుల గ్రంథులనుండి తీసిన సారమును మానవులకు ఔషధముగా నిచ్చు పద్ధతికి గ్రంథిసార చికిత్స యని పేరు. పందొమ్మిదవ శతాబ్ది చివర ఇది యూరపునందు మిక్కిలి ప్రచారము పొంది, తరువాతి అర్ధశతాబ్దిలో చాలవరకు అంతరించినది. ఒకే భావమునుండి పుట్టిన ఈ చికిత్సలలో కొన్ని ప్రాణరక్షకములుగా నిలిచినవి, కొన్ని అపహాస్యము పాలైనవి. ఇందులకు కారణమేమో తెలిసికొనుట వైద్యవిషయమున విచక్షణ కోరువారికందరికి అవసరము.

దేహమున లోపించిన దానిని జంతుదేహమునుండి తెచ్చి పూరింపవచ్చునను భావము ప్రాచీనమైనది. ఆయుర్వేదముయొక్క ఎనిమిది అంగములలో వాజీకరణమొకటి. మేకపోతు వృషణములను పాలతో వండి వాడుటను సుశ్రుత సంహిత ఆ సందర్భమున చెప్పినది. రేచీకటికి మేక కార్జమునుగూడ ఆ గ్రంథమే విధించినది. కార్జమున ఎ విటమిను నిలువయుండునని నేడు మనకు తెలియును. కావున రెండవ యోగము ఫలించుటలో వింత లేదు.

ఆధునిక గ్రంథిసార చికిత్సకు ఆద్యుడు చార్లెస్ ఎడ్వర్డ్ బ్రౌన్-సెకార్ (1817–1894). ఆయన జన్మస్థానము మారిషస్ ద్వీపమందలి పోర్ట్ లూయీ. యానాము చెంతనున్న కోరంగి రేవునుండి ఓడలెక్కిన తెలుగు కూలీలు చేరినదియు ఆ ద్వీపమే. అచ్చటి తెలుగువారికి కోరంగీలను పేరు అందువలననే కలిగినది. బ్రౌన్-సెకార్ సామాన్యుడు కాడు. వెన్నుపామునుగూర్చి ఆయన చేసిన పరిశోధన నేటికిని ఆయన పేరుతోనే వ్యవహరింపబడుచున్నది.

1889 జూన్ 1వ తేదీన, 72వ ఏట, ఆయన పారిసులోని జీవశాస్త్ర సంఘమునెదుట ఒక ప్రసంగము చేసెను. కుక్కల యొక్కయు గినీపందుల యొక్కయు వృషణములను నూరి నీటితో తీసిన సారమును తన దేహమునకే సూదితో ఎక్కించుకొంటినని, పోయిన బలము తిరిగి వచ్చినదని, మేడమెట్లు సులభముగా ఎక్కగలుగుచుంటినని చెప్పెను. వార్త దేశదేశముల వ్యాపించినది. సారము కొఱకు వైద్యులును వృద్ధులును ఆతురపడిరి.

రెండేండ్లు గడచినవి. 1891లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ నగరమున జార్జి మర్రే అను యువవైద్యుడు మిక్సిడీమా రోగముతో బాధపడు 46 ఏండ్ల స్త్రీకి గొఱ్ఱెయొక్క థైరాయిడ్ అను కంఠగ్రంథి సారమును సూదిమందుగా నిచ్చెను. ఆ రోగమున ముఖము ఉబ్బును, మాట మందగించును, వెండ్రుకలు రాలును. కొద్ది మాసములలో ఆ లక్షణములు తొలగినవి. ఆమె మరి 28 ఏండ్లు జీవించి 1919లో మరణించెను. అంతకాలమునకు 870కి పైగా గొఱ్ఱెల గ్రంథులు వినియోగమైనవి.

పద్ధతి ఒకటియే, ఫలము వేరు. థైరాయిడ్ తన స్రావమును తనలోనే నిలువజేసికొనును. కావున గ్రంథిని నూరినచో మందు లభించును. వృషణము తన హార్మోనును ఎప్పటికప్పుడు రక్తములోనికి వదలును. పైగా అది నీటిలో సరిగా కరగదు. 1935లో హాలండు శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ లాకర్ బృందమువారు 100 కిలోల ఎద్దు వృషణములనుండి వేరుచేయగలిగిన టెస్టోస్టెరాను 10 మిల్లీగ్రాములు మాత్రమే. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు బ్రౌన్-సెకార్ పద్ధతిలోనే సారమును తయారుచేసి పరీక్షింపగా, ఫలితమునిచ్చునంత హార్మోను అందు లేదని తేలినది. ఆయన పొందిన బలము విశ్వాసమువలన కలిగినదే. ఆయన మోసగాడు కాడు. కాని పరీక్షించినవాడును పరీక్షింపబడినవాడును ఆయన ఒక్కడే యగుటచే లోపమును చూపువారు లేకపోయిరి.

ఆ లోపము తరువాతివారికి వ్యాపారమైనది. 1920 నుండి సెర్జ్ వొరొనాఫ్ పారిసులో చింపాంజీల, బబూనుల వృషణముల ముక్కలను వృద్ధులకు అతికించెను. అన్యజాతి కణజాలమును దేహము నిలువనీయదు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రమున జాన్ బ్రింక్లీ మేకపోతు గ్రంథులతో అట్లే చేసి విశేషధనమార్జించెను. అతని చేతిలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. 1930లో అతని వైద్యానుమతి రద్దైనది.

సత్ఫలమునిచ్చిన మార్గమున ఒక తెలుగువాని కృషియు కలదు. 1926లో అమెరికా వైద్యులు మైనాట్, మర్ఫీలు కార్జమును ఆహారముగా నిచ్చి ప్రాణాంతకమగు ఒక రక్తహీనతను అదుపుచేసిరి. కార్జమున పనిచేయు పదార్థమేదో కనుగొన యత్నించినవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు (1895–1948) ముఖ్యులు. ఆయన సోదరుని స్ప్రూ అను వ్యాధి బలిగొన్నది. 1945లో ఆయన నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలవారు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. అది స్ప్రూ వ్యాధికి ఔషధమైనది. తొలుత ఉద్దేశించిన రక్తహీనతకు కావలసిన బి12 విటమిను 1948లో ఇతరులచే వేరుచేయబడినది. కార్జసారముతో పని తీరినది. సారమునందలి సత్యము మిగిలినది.

యౌవనమును, బలమును వాగ్దానము చేయు ప్రకటనలు నేటికిని వెలువడుచునే యున్నవి. ఔషధము ఏ జంతువునుండి, ఏ మూలికనుండి వచ్చినదను ప్రశ్నకంటె రెండు ప్రశ్నలు ముఖ్యములు. పనిచేయు పదార్థము అందు తగినంత కలదా? సేవించినవాని మాట గాక, ఇతరులు పరీక్షించి చూచిన ఫలమేది? న్యూకాసిల్ రోగి విషయమున ఈ రెంటికిని సమాధానము కలదు. పారిసు పండితుని విషయమున ఒక్కదానికిని లేదు.