రెండు జాబితాలు

శరణార్థుల సంఖ్య తప్పా ఒప్పా అన్న తగాదాలు చదివినప్పుడల్లా నాకొక సందేహం వస్తుంది. ఆ లెక్క ఎవరు రాస్తున్నారు? ఎవరి పేరు మీద రాస్తున్నారు? సహ్రావీ స్త్రీల చరిత్ర చదివాక ఈ సందేహం మరింత బలపడింది.

1975 నవంబరులో స్పెయిన్ తన వలస పశ్చిమ సహారాను మొరాకో, మారిటేనియాలకు అప్పగించే ఒప్పందం చేసుకుంది. యుద్ధం మొదలై బాంబులు పడుతుంటే వేలాది సహ్రావీలు అల్జీరియా ఎడారిలో తిందూఫ్ దగ్గర గుడారాలు వేసుకున్నారు. మగవాళ్లు పొలిసారియో సైన్యంలోకి వెళ్లారు. శిబిరాలను నిలబెట్టింది ఆడవాళ్లే. ఆరోగ్యం, చదువు, తిండి పంపకం కోసం కమిటీలు పెట్టుకుని నడిపారు. ఏ గుడారంలో ఎందరున్నారో పిండి కొలిచి పంచే స్త్రీకి తెలుసు.

కానీ అధికారిక సంఖ్య మీద పేచీ తెగలేదు. శరణార్థులు 1,65,000 మంది అని అల్జీరియా చెప్పింది. ఆ అంకె పెంచి చెప్పినదనీ, ఒక్కొక్కరినీ నమోదు చేయాలనీ మొరాకో వాదన. సాయం దారి మళ్లుతోందని ఐరోపా సమాఖ్య మోస నిరోధక విభాగం రాసిన నివేదిక 2015లో బయటికొచ్చింది. ఆ ఆరోపణను కొట్టిపారేయలేం. అయితే పేచీ భారం పడింది పళ్లెం మీదే. 2005లో ఐక్యరాజ్యసమితి సంస్థలు సాయాన్ని 90,000 మందికి కుదించాయి. 2006 వరదల తర్వాత మరో 35,000 రేషన్లు కలిపారు. 2018లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ప్రకటించిన అంచనా 1,73,600. 2019 సర్వేలో పిల్లల్ని కనే వయసు స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత కనిపించింది.

అసలు అంకె మీద ఇంత పట్టుదల ఎందుకు? రేషన్ జాబితా వెనక ఓటర్ల జాబితా ఉంది. స్వాతంత్ర్యమా, మొరాకోలో విలీనమా అన్నది తేల్చే రిఫరెండం కోసం ఐక్యరాజ్యసమితి 1994లో ఓటర్ల గుర్తింపు మొదలుపెట్టింది. ఆధారం 1974 నాటి స్పానిష్ జనాభా లెక్క. అందులో ఉన్నది 73,497 మంది. దరఖాస్తుదారు తెగ పెద్దల ముందు నిలబడి తన వంశం చెప్పుకోవాలి. సాక్ష్యం చెప్పే ఆ పెద్దలు మగవాళ్లు. 2000 నాటికి 1,98,469 మందిని పరిశీలించి 86,386 మందికి అర్హత ఉందన్నారు.

అర్హత నియమాలు ఐదు. 1974 లెక్కలో పేరున్న తల్లి ద్వారా బిడ్డకు అర్హత వస్తుంది. నాలుగో నియమం దగ్గర నేను ఆగిపోయాను. తండ్రి సహ్రావీ అయి, ఆ గడ్డ మీద పుట్టి ఉంటే చాలు, బిడ్డకు ఓటుంది. తల్లి అక్కడ పుట్టిందన్న మాట మాత్రం చాలదు. దశాబ్దాలుగా ఇంటింటి లెక్క చూస్తున్న స్త్రీ, పేరు ఆ పాత కాగితంలో లేకపోతే, తన బిడ్డ ఎక్కడివాడో చెప్పడానికి పనికిరాదు!

ఆ రిఫరెండం నేటికీ జరగలేదు. అంకెల గురించి రాజ్యాలు, సంస్థలు వాదించుకున్న కాగితాలు మాత్రం కుప్పలు పడ్డాయి. ఆ వాదనలో నిజాయితీ ఉండాలంటే ‘ఎందరు’ అని అడగడంతో పాటు తల్లి మాట ఎక్కడ చెల్లింది, ఎక్కడ చెల్లలేదు అని కూడా అడగాలి. పిండి దగ్గర చెల్లిన మాట ఓటు దగ్గర ఎందుకు చెల్లదు?