సోహోలోని చేదు కషాయం

పసిబిడ్డకు ఒళ్లంతా దురద పట్టుకొన్న ఇంట్లో రాత్రి ఎట్లా గడుస్తుందో, ఆ బాధ పడినవారికి వేరే చెప్పనక్కరలేదు. బిడ్డ నిద్రలోనే మోచేతి మడతలు, మోకాలి వెనుక మడతలు గోకుకొంటూ ఉంటుంది. తల్లి ఆ చిన్నిచేతులు పట్టుకొని మేలుకొని ఉంటుంది. తెల్లవారి చూస్తే పక్కగుడ్డ మీద రక్తపు చారలు కనిపిస్తాయి. అటువంటి ఇంటివారికి ఎవరు ఏ ఆకు చెప్పినా, ఏ నూనె చెప్పినా వినాలనిపించడం సహజం.

ఈ వ్యాధిని ఎగ్జిమా అంటారు. మన వాడుకలో గజ్జి అనో తామర అనో అనేస్తాము గాని అది పొరపాటు. గజ్జి చర్మంలో తొలుచుకొని పోయే సూక్ష్మకీటకం వల్ల వస్తుంది. తామర బూజు జాతి వల్ల వస్తుంది. ఆ రెండూ అంటుకొనేవి. పిల్లల ఎగ్జిమా ఒకరి నుండి ఒకరికి అంటుకొనేది కాదు. పుట్టుకతో వచ్చిన చర్మపు బలహీనత దీనికి మూలమని ఇప్పుడు తెలిసినది. చర్మపు పైపొరను గట్టిగా కూర్చి ఉంచే ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తును తయారుచేసే జన్యువులో లోపమున్నవారికి ఈ వ్యాధి ఎక్కువగా వస్తున్నదని 2006లో స్కాట్లండులోని డండీ శాస్త్రజ్ఞులు చూపినారు. అంతకు చాలా ముందు, 1933లో, వైజ్, సల్జ్‌బర్గర్ అనే అమెరికా వైద్యులు దీనికి అటోపిక్ డెర్మటైటిస్ అని పేరు పెట్టినారు.

ఆ సల్జ్‌బర్గరే 1952లో విటెన్ అనే సహచరునితో కలిసి హైడ్రోకార్టిసోన్‌ను పైపూతగా వాడి చూచి, ఎగ్జిమా తగ్గుతున్నదని ప్రకటించినాడు. చర్మవైద్యంలో అది గొప్ప మలుపు. అంతవరకు తారు, జింకు లేపనాలతో నెట్టుకొస్తున్న వైద్యులకు కొద్ది దినాలలో ఎరుపును అణచే మందు చేతికందినది. తరువాత అంతకంటె ఎంతో బలమైన స్టెరాయిడ్లు వచ్చినవి. వాటితోపాటు చేదు అనుభవాలూ వచ్చినవి. బలమైన పూతను హద్దు లేకుండా పూస్తే చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి. పసిపిల్లలలో మందు ఒంట్లోకి కూడ ఇంకుతుంది. ఈ భయం ఇంటింటికీ పాకినది. 2000లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 200 మంది రోగులను అడిగితే 72.5 శాతం మంది స్టెరాయిడ్ పూతలంటే తమకు దిగులని చెప్పినారు. నూటికి 24 మంది ఆ దిగులు వల్లనే మందు సరిగా వాడలేదు.

అటువంటి దిగులు నిండిన కాలంలోనే లండన్‌లో ఒక వార్త పుట్టినది. సోహో ప్రాంతపు చీనా పేటలో డింగ్ హుయి లువో అనే వైద్యురాలు మూలికలతో కాచిన కషాయమిస్తే పిల్లల ఎగ్జిమా తగ్గుతున్నదని తల్లిదండ్రులు చెప్పుకోసాగినారు. గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి చర్మవైద్యులు డేవిడ్ అథర్టన్, మేరీ షీహన్ తమ రోగులలో కొందరి మార్పును కళ్లారా చూచినారు. ఇదంతా వట్టి నమ్మకమని కొట్టిపారేయవచ్చును. వారు అట్లా చేయలేదు. ఆ సంస్కారానికి నేను నమస్కరిస్తాను.

వారు ఆ కషాయాన్ని పరీక్షకు పెట్టినారు. 47 మంది పిల్లలను తీసుకొని ఎనిమిది వారాలు అసలు కషాయం, ఎనిమిది వారాలు ఉత్తుత్తి కషాయం ఇచ్చినారు. ఏది ఎప్పుడు ఇస్తున్నదీ వైద్యులకు గాని, తల్లులకు గాని తెలియదు. 37 మంది చివరిదాకా నిలిచినారు. 1992లో ఫలితాలు వెలువడినవి. చర్మపు ఎరుపు అసలు కషాయంతో 51 శాతం తగ్గగా, ఉత్తుత్తి కషాయంతో 6 శాతమే తగ్గినది.

ఆ కషాయంలో పది మూలికలు. వాటిలో ఒకటి మన పల్లేరు! చిన్నతనంలో కాలికి గుచ్చుకొన్నప్పుడల్లా దానిని తిట్టుకొన్నానే గాని, అది లండన్ ఆసుపత్రి పరీక్షకు ఎక్కుతుందని నేను అనుకోలేదు. మరొకటి మన అతిమధురానికి దగ్గర చుట్టం. అది ఉన్నా చేదు మాత్రం పోలేదు.

తరువాత ఏడాదిపాటు ఆ 37 మందినీ గమనించినారు. 18 మందికి వ్యాధి నూటికి తొంభై పాళ్లు తగ్గినది. ఐదుగురికి కొంత తగ్గినది. పద్నాలుగు మంది మధ్యలోనే మానుకొన్నారు. కొందరికి గుణం కనిపించలేదు. కొందరు ఆ చేదును తాగలేక, రోజూ కాచే శ్రమ పడలేక విడిచినారు. ఇద్దరు పిల్లల రక్తపరీక్షలో కాలేయానికి దెబ్బ తగిలిన గుర్తులు కనిపించినవి. మందు ఆపగానే సర్దుకొన్నవి. కాని ఆకు గనుక హాని చేయదన్న మాట అక్కడితో చెల్లకపోయినది. ఇతర చోట్ల చీనా మూలికలు వాడినవారిలో కొందరికి కాలేయం చెడినట్లు కూడ వైద్య పత్రికలలో వచ్చినది.

ఇంకొక చిక్కు. మన వైద్యుడు నాడి చూచి మనిషికొక యోగం కట్టినట్లే లువో కూడ రోగిని బట్టి మూలికలు మార్చేది. పరీక్షకు మాత్రం అందరికీ ఒకే కూర్పు కావలసివచ్చినది. ఆ ఒకే కూర్పును హాంగ్‌కాంగ్‌లో చీనా రోగులమీదనే పరీక్షించగా, 1999లో వెలువడిన ఫలితాలలో అది ఉత్తుత్తి మందును మించలేదు. తయారీ ఆగిపోయినది. 2013లో 28 పరీక్షలను కలిపి తూచినవారు కూడ చీనా మూలికలు ఈ వ్యాధికి పనిచేస్తాయని నిశ్చయంగా చెప్పలేకపోయినారు.

అయితే ఈ కథలో నా మనస్సును కలచివేసినది కషాయం కాదు, పూతలు. కషాయపు పేరు మార్మోగిన తరువాత ఇంగ్లండులో చీనా మూలికల లేపనాలు విరివిగా అమ్ముడైనవి. వాటికి మంచి గుణం కనిపించినది. ఆ గుణం చూచే లండన్ చర్మవైద్యులకు అనుమానం వచ్చినది. పదకొండు లేపనాలను రసాయన పరీక్షకు పంపినారు. 1999లో ఫలితం అచ్చయినది: పదకొండింటిలో ఎనిమిదింట డెక్సామెథసోన్ ఉన్నది. అది బలమైన స్టెరాయిడ్. ముఖానికి, ఒంటి మడతలకు, అంటే చర్మం అతి సుకుమారంగా ఉండే చోట్లకు, ఆ పూతలను వాడుతున్నారు. 2003లో బర్మింగ్‌హామ్‌లో పిల్లలకు వాడుతున్న 24 లేపనాలను చూడగా ఇరవైలో స్టెరాయిడ్లు బయటపడినవి.

స్టెరాయిడ్‌కు భయపడి పారిపోయిన తల్లి, తనకు తెలియకుండానే మరింత బలమైన స్టెరాయిడ్‌ను బిడ్డ బుగ్గకు పూసినదన్నమాట. ఆసుపత్రి వైద్యుడైతే ఎంత పూయాలో, ఎన్నాళ్లకు ఆపాలో చెప్పి ఉండేవాడు. ఆ సీసా మీద ఆ మాట లేదు. ఆమె అడిగిన ప్రశ్న తప్పు కాదు. ఆమెకు ఇచ్చిన జవాబు అబద్ధం.

పరీక్షకు నిలిచిన సామాన్య వస్తువులూ లేకపోలేదు. ఫిలిప్పీన్స్‌లో 117 మంది పిల్లలకు ఎనిమిది వారాలపాటు కొందరికి స్వచ్ఛమైన కొబ్బరినూనె, కొందరికి ఖనిజతైలం రాసి చూచినారు. 2014లో అచ్చయిన లెక్క ప్రకారం వ్యాధి తీవ్రత కొబ్బరినూనెతో 68 శాతం, ఖనిజతైలంతో 38 శాతం తగ్గినది. అన్ని నూనెలూ ఒకటి కావు. ఆవనూనె, ఆలివ్ నూనె చర్మపు పైపొరను చెరుస్తాయని వేరే పరిశోధనలు తేల్చినవి. కొబ్బరినూనె పొడి చర్మాన్ని మెత్తబరచగలదు గాని, ఎర్రగా చిట్లి రసికారే పుండును మాన్పలేదు. అటువంటప్పుడు బిడ్డను వైద్యునికి చూపించి, ఆయన ఇచ్చిన పూత పేరేమిటో, ఎన్ని దినాలు రాయాలో కాగితం మీద రాయించుకొని ఇంటికి రావాలి.