‘బతికినంతకాలం అనుభవించు’ అంటే సొంతమా, కాదా?

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడకముందు మన పామూరు నెల్లూరు జిల్లాలోదే. ఆ నెల్లూరు కోర్టులోనే వడ్డెబోయిన తులసమ్మ మనోవర్తి కోసం భర్త సోదరుడిపై దావా వేసింది. 1949 రాజీలో ఆస్తి వచ్చింది గానీ, బతికినంతకాలం అనుభవించడమే, అమ్మకూడదని షరతు.

1977లో సుప్రీంకోర్టు ఏమందంటే: ఆ ఆస్తి ఆమెకున్న మనోవర్తి హక్కుకు బదులుగా వచ్చింది. కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద అది పూర్తిగా ఆమెదే. వీలునామాలో ఇలాంటి మాటొస్తే కోర్టులు నేటికీ అడిగే ప్రశ్న ఇదే: పాత హక్కుకు బదులా, కొత్తగా ఇచ్చిందా?

కానీ అదే చట్టం 2వ సెక్షన్ ప్రకారం, కేంద్రం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు అది వర్తించదు. మన అమ్మలకు, అక్కలకు ఆ రక్షణ దానంతటదే రాదు. అందుకే మనింట్లో వీలునామా రాయిస్తే, ‘అనుభవించు’ అని వదిలేయకుండా ‘అమ్ముకునే హక్కుతో సహా’ అని తేటగా రాయిద్దాం.