సెప్టిక్ వార్డు నాటి సంగతులు

పుల్ల జానెడు కన్నా చిన్నది. కొసకు దూది చుట్టి, జిల్లేడు పాలలోనో నల్లజీడి రసంలోనో ముంచి, గర్భం పోవడానికి గర్భాశయ ముఖద్వారంలోకి దూర్చేవారు. చిత్రమూలం వేరునైతే నేరుగానే వాడేవారు. ఫోరెన్సిక్ పాఠంలో చదివిన ఈ సంగతిని 1970లో హౌస్ సర్జన్‌గా ప్రసూతి విభాగంలో అడుగుపెట్టాక కళ్లారా చూశాను. ఒక చివర ఉన్న గదిని అందరూ సెప్టిక్ వార్డనేవారు. చలిజ్వరం, దుర్వాసన, ఉబ్బిన పొట్ట. కొందరికి కామెర్లు, ఆపైన మూత్రం బందు. “ఏం చేశావమ్మా?” అంటే “మెట్ల మీంచి జారిపడ్డానండీ” అనేవారు. ఎన్ని వారాలో, లోపలికి ఏం వెళ్లిందో తెలియకుండానే వైద్యం మొదలుపెట్టేవాళ్లం.

ఆ అబద్ధానికి కారణం ఉంది. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్ ప్రకారం, తల్లి ప్రాణం నిలబెట్టడానికి తప్ప, కడుపు తీసినవారికే కాదు, తీయించుకున్న స్త్రీకి కూడా మూడేళ్ల వరకు జైలు ఉండేది. బిడ్డ కదలిక తెలిశాకైతే ఏడేళ్లు.

గర్భస్రావాల సమస్యపై శాంతిలాల్ షా అధ్యక్షతన 1964లో వేసిన కమిటీ 1966లో నివేదిక ఇచ్చింది. 1971లో చట్టం వచ్చి, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 2021 వరకు దాని ప్రకారం, గర్భం తీయవచ్చని 12 వారాల వరకు ఒక డాక్టరు, 20 వారాల వరకు ఇద్దరు సద్భావంతో అభిప్రాయపడాల్సి ఉండేది. నా దృష్టిలో ఇది డాక్టరుకు రక్షణ ఇచ్చిన చట్టమే గానీ, స్త్రీకి హక్కు ఇచ్చింది కాదు. అయినా దాన్ని తక్కువ చేయను. దాని వల్లే ఆమె పగటిపూట, తలుపు గుండా ఆస్పత్రికి రాగలిగింది.

వచ్చాక మా చేతిలో ఏముంది? మత్తిచ్చి, ముఖద్వారాన్ని కడ్డీలతో వెడల్పు చేసి, ఇనుప క్యూరెట్‌తో గీకడం. గర్భంతో ఉన్న గర్భాశయం గోడ మెత్తగా ఉంటుంది. క్యూరెట్ దాన్ని దాటిపోయినా చేతికి తెలియకపోవచ్చు. ఆ భయం నన్నెప్పుడూ వదల్లేదు. 1958లో చైనా వైద్యులు ప్రచురించిన సక్షన్ పద్ధతి, ఆ తర్వాత వంగే ప్లాస్టిక్ గొట్టం, కరెంటు అక్కర్లేని సిరంజి మా పని తీరునే మార్చేశాయి. మూడు నెలలు దాటితే మాత్రం ఫోలీ గొట్టం ద్వారా పసుపుపచ్చటి ఎథాక్రిడిన్ మందు ఎక్కించి గంటల తరబడి కాచుకోవాల్సి వచ్చేది. అందుకే “తొందరగా రండమ్మా” అని అందరికీ చెప్పేదాన్ని.

ఆ తర్వాత మాత్రలు వచ్చాయి. 2002లో మన దేశంలో అనుమతి పొందిన మిఫెప్రిస్టోన్, గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరోన్‌ను అడ్డుకుంటుంది. ఒకటి రెండు రోజులకు ఇచ్చే మిసోప్రోస్టాల్ గర్భాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది. ఈ రెండోది నిజానికి కడుపులో పుండుకు మందు. అయితే గర్భం ట్యూబులో నిలిచి ఉంటే ఈ మాత్రలు దాన్ని తీయలేవు. డాక్టరుకు చూపించకుండా మందుల షాపులో కొనేసుకునేవారిని తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచింది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు పెళ్లికానివారిని అందులోంచి మినహాయించరాదంది. కుటుంబ సభ్యుల అనుమతి వంటి, చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టరాదని కూడా అదే తీర్పులో చెప్పింది. భర్త సంతకం లేనిదే చేయం అని ఎన్నో చోట్ల ఎందరినో తిప్పి పంపేశారు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలని 1971 చట్టంలోనే రాసి ఉంది.